రెండు ఫారాలు తగ్గిన గుమస్తా

మార్చి 4

పొద్దున్న ప్రెస్సుకు వెళ్ళేసరికి గుమస్తా కుడివైపు మీసం ఒకటి మైదా జిగురు అంటి ఎండిపోయి, గుండుసూదిలా నిటారుగా నిలబడి ఉంది. మిగతా మీసాలు మామూలుగానే వంగి ఉన్నాయి. బైండింగు జిగురు గిన్నెలో మూతి పెట్టాడన్నమాట. నేను దిద్దాల్సిన ప్రూఫుల మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు గోడ వైపు చూస్తున్నాడు. రుమాలు తడిపి మీసం తుడిచాను. ఆ తర్వాత నాకు రుమాలు లేకుండా పోయింది. రేపటి నుంచి రెండు పట్టుకెళ్ళాలి.

గోడౌన్లో మళ్ళీ అదే కంపు. ఈసారి రీముల మీద కాదు, మడిచిపెట్టిన ఫారాల కట్ట మీద. ఫారానికి పదహారు పేజీల చొప్పున అచ్చయి, మడతపడి, కుట్టుకు సిద్ధంగా ఉన్న కట్ట. ఓనరు గారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి మా మధ్య బల్ల మీద పెట్టారు.

"ఇది ఎవరి పని?"

గుమస్తా ఆవలించాడు.

"నెలాఖరుకు కొత్త కాగితం లోడు వస్తోంది. ఆ లోపల పిల్లి వెళ్ళిపోవాలి. ఎలుకలకు బోను కొంటాను. బోను కాగితం మీద ఉచ్చ పొయ్యదు."

బైండరు బాబాయి సూది పక్కన పెట్టాడు. "వీడు కాదండీ. వీడికి ఆపరేషన్ అయిపోయింది కదా. ఆపరేషన్ అయిన పిల్లికి అలాంటి బుద్ధులుండవు. బయటి పోతు ఎవడో కిటికీలోంచి వచ్చి పోతున్నాడు."

బాబాయి పుస్తకం తెరవకుండానే వెన్ను మీద వేలు నడిపి, ఫారం తగ్గితే చెప్పేస్తాడు. గుమస్తా మొదటిసారి ఈ గుమ్మం ఎక్కిన రోజున కూడా వాడి తోక ఎత్తి, అలాగే తడిమి చూసి, "రెండు ఫారాలు తగ్గాయి. ఎవరో ముందే తీయించేశారు" అని తేల్చాడట. అప్పటికి నేను ఇక్కడ చేరలేదు. ఆ మాటను మళ్ళీ ఎవరూ సరిచూడలేదు. పుస్తకాల విషయంలో ఆయన మాట ఎప్పుడూ తప్పదు కాబట్టి పిల్లి విషయంలోనూ తప్పదనుకున్నారు.

నాకు గుమస్తా అంటే ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. ప్రెస్సు పిల్లి. అంతే.

మార్చి 6

గుమస్తా కాదు. నాకు నమ్మకముంది.

మార్చి 7

నిఘంటువులో "వృషణము" చూశాను. నిఘంటువు మూసేశాను. గదిలో నేనొక్కదాన్నే ఉన్నా ఎందుకో తలుపు వైపు చూశాను.

స్కూల్లో ఆ పాఠం వచ్చిన రోజు సిస్టర్ పుస్తకాన్ని చప్పుడు కాకుండా మూసి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అంది. నలభై మందిమి తల దించుకుని నవ్వుకున్నాం. ఇంటి దగ్గర ఎవరూ చదవలేదు. నేను చదివాను. రెండుసార్లు. అయినా పరీక్షలో ఆ ప్రశ్న వదిలేశాను. తెలిసినట్టు కనపడుతుందని.

మార్చి 9

ఎదురింటికి నవాబు వచ్చాడు.

ఎదురిల్లు మందుల షాపు ఆంటీది. కింద షాపు, పైన ఇల్లు. మా ప్రెస్సు షెడ్డు కూడా ఆవిడదే. అందుకే ఆవిడ రోడ్డు దాటి ఇటు వస్తోందంటే ఓనరు గారు చొక్కా పై గుండీ పెట్టుకుంటారు. ఆవిడ పిల్లి ముత్యం. తెల్లటిది, బొచ్చు నేలకు రాసుకుంటుంది, గడప దాటి ఎరగదు. దానికి తగిన సంబంధం కావాలని ఆంటీ, కళ్ళద్దాల షాపాయన పోతును పిలిపిస్తోంది. అదే నవాబు. అదీ తెలుపే, అదీ నేలకు రాసుకునే బొచ్చే. ఇంతకుముందు మూడుసార్లు వచ్చి వారమేసి రోజులు ఉండి వెళ్ళాడు. ఏమీ కాలేదు.

కళ్ళద్దాలాయన బుట్ట చంకన పెట్టుకుని పెళ్ళికొడుకు తండ్రిలా నడిచి వచ్చాడు.

"లోపం మా వాడిలో ఉండదండీ. వంశం అలాంటిది. మీ అమ్మాయిని ఒకసారి చూపించుకోండి" అన్నాడు ఆంటీతో, రోడ్డు మీదే.

"మా ముత్యానికేం, బంగారం!" అంది ఆంటీ.

మా దగ్గర ఫారాలు మడిచే అక్క చేతులు ఆపకుండానే అంది: "ఎక్కడికెళ్ళినా ముందు ఆడదాన్నే చూపించుకోమంటారు. పిల్లుల్లో కూడా అంతేనన్నమాట."

ఆ ఇంట్లోకి నవాబు కాక వెళ్ళగలిగిన మగవాడు గుమస్తా ఒక్కడే. "వాడు సన్యాసి" అని ఆంటీ పాలు కూడా పోస్తుంది. ఈ రోజు కూడా మధ్యాహ్నం మేడ మెట్ల మీద కనపడ్డాడు, మూతి తుడుచుకుంటూ.

మార్చి 11

చూశాను.

మార్చి 12

నిన్న రాయలేకపోయాను.

మధ్యాహ్నం గోడౌన్లోకి అట్టలు చూడ్డానికి వెళ్ళాను. గుమస్తా కొత్త రీముకు వీపు తిప్పి నిలబడ్డాడు. తోక నిటారుగా లేపాడు. తోక కొస వణికింది (ఆ కొస పుట్టుకతోనే కొక్కెంలా వంగి ఉంటుంది). కళ్ళు సగం మూశాడు. ముఖంలో ఎంత ప్రశాంతత అంటే, ప్రార్థనలో సిస్టర్ ముఖంలో కూడా అంత చూడలేదు.

పని అయ్యాక నన్ను చూశాడు. నా కాళ్ళకు రాసుకుంటూ వెళ్ళిపోయాడు.

తడిసిన రెండు కాగితాలూ తీసి నా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. నేనుండేది అమ్మ చెల్లెలింట్లో. పిన్ని ముక్కు మూసుకుని, "ఏం ఉద్యోగమే అది!" అంది.

బాబాయికి చెప్పలేదు. బయటి పోతే కావచ్చు, అప్పుడప్పుడు గుమస్తా కూడా కావచ్చు.

మార్చి 13

ఓనరు గారి గదిలోకి వెళ్ళాను, ప్రూఫులు ఇవ్వడానికి. గుమస్తాను ఎత్తుకుని ఉన్నానని లోపలికి వెళ్ళాక గాని గుర్తు రాలేదు. పొద్దుటి నుంచి ఒళ్ళోనే ఉన్నాడు. మాత్ర మర్చిపోయాను.

ఓనరు గారు తల ఎత్తి నన్ను చూసి, పెన్ను కింద పెట్టేశారు. "ఏంటమ్మా ఇది? కళ్ళు అలా వాచిపోయాయేంటి?"

నేను ముక్కు తుడుచుకున్నాను. మాట్లాడబోతే గొంతు రాలేదు.

"ఇదుగో, ఇలా ఏడవద్దు. నాకు ఇద్దరు కూతుళ్ళు, ఇంట్లో రోజూ ఇదే గోల. సరే. డాక్టరుకు చూపించు. నయమైతే ఉంటాడు. లేకపోతే నా మాట నా మాటే. కొత్త లోడు మీద ఒక్క చుక్క పడినా..."

మాట పూర్తి చెయ్యలేదు. నేను "థాంక్సండీ" అన్నాను. వినపడిందో లేదో.

మార్చి 15

పశువుల ఆసుపత్రి. రాయాలంటేనే చెవులు వేడెక్కుతున్నాయి. అయినా రాస్తాను.

కౌంటరు దగ్గర ఒక పెద్దాయన. వెనక వరుసలో రెండు కుక్కలు, ఒక మేక, ఒక చిలుక, వాటి మనుషులు. "ఏంటి సమస్య?" అని గట్టిగా అడిగాడు. ఇలా జరుగుతుందని తెలిసి ఇంటి దగ్గరే చీటీ రాసి తెచ్చాను. ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వార్తలు చదివినట్టు పైకి చదివాడు:

"వృషణములు లేవు. అయినప్పటికీ ఉన్నట్లు ప్రవర్తించుచున్నది."

మేక మనిషి తిరిగి చూశాడు. చిలుక "ఏంటి సమస్య?" అంది.

డాక్టరమ్మ పొట్టిగా ఉంది, చేతులు పెద్దవి. గుమస్తాను బల్ల మీద పెట్టగానే రెండు బుగ్గలూ పట్టుకుని నవ్వింది.

"వీడికి ఆపరేషన్ అయిందని ఎవరు చెప్పారు?"

"మా బైండరు బాబాయి."

"ఈ బుగ్గలు చూడండి. ఇలా బన్నుల్లా ఉబ్బితే వాడు పూర్తి మగాడని అర్థం. పాలు తాగి లావెక్కాడనుకున్నారా?"

అలాగే అనుకున్నాం.

తర్వాత ఆవిడ నన్ను దగ్గరికి రమ్మని చూపించింది. నేను చూశాను. మగ పిల్లి అంగం మీద సన్నటి ముళ్ళుంటాయట, వెనక్కి వాలి. ఆపరేషన్ అయితే కొన్ని వారాల్లో అవి మాయమైపోతాయి. గుమస్తాకు గులాబీ కొమ్మలా ఉన్నాయి.

"ముళ్ళున్నాయంటే లోపల ఫ్యాక్టరీ నడుస్తోందని అర్థం. పుట్టిన కొత్తలో కిందికి దిగాల్సినవి దిగలేదు. పొట్టలోనో దారిలోనో ఉండిపోయాయి. ఎవరూ తీయలేదు. వీడే దాచుకున్నాడు" అంది డాక్టరమ్మ. వదిలేస్తే ముందు ముందు అవి గడ్డలు కట్టొచ్చు, కాబట్టి తీసెయ్యాలి, తీస్తే కంపు కూడా పోతుంది అంది.

నేను గొంతు సవరించుకుని అడిగాను. "మరి వాడికి... వాడి వల్ల... అంటే, సంతానం?"

"లోపల ఒళ్ళు వేడి. ఆ వేడికి వీర్యకణాలు తయారవ్వవు. అందుకే అవి బయట, చల్లగా, సంచిలో ఉండాలి. మగతనం అంతా ఉంటుంది, తండ్రవ్వడం మాత్రం సాధారణంగా ఉండదు. ఎందుకడిగారు?"

"ఊరికే."

ఆవిడ నా ముక్కు వైపు, కళ్ళ వైపు ఒకసారి చూసింది. "జలుబా?"

"అవునండీ."

ఇంకేమీ అడగలేదు. బల్ల మీది దూది కట్ట నా వైపు జరిపింది.

మార్చి 16

బాబాయికి చెప్పాను. ఫారాలు మడిచే అక్క ముందే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఎటూ కదలదు కదా.

బాబాయి చాలాసేపు సూదిలో దారం ఎక్కించాడు. దారం ఎక్కింది. మళ్ళీ తీసి ఎక్కించాడు.

"ఇన్నాళ్ళ సర్వీసులో ఫారాలు ఎంచడంలో తప్పు పోలేదు నేను" అన్నాడు. "పోయాయనుకున్నాం గానీ, తప్పు చోట పెట్టి కుట్టేశారన్నమాట."

"ఆ మాట సన్యాసికి పాలు పోసే ఆవిడకు తెలిస్తే?" అంది అక్క.

అప్పుడు ముగ్గురం ఎదురింటి మేడ వైపు చూశాం. నవాబు ఇంకా అక్కడే ఉన్నాడు. గుమస్తా కూడా అక్కడే ఉన్నాడు. మెట్ల మీద, ఎండలో, ఒళ్ళు విరుచుకుంటూ.

"సాధారణంగా ఉండదన్నారు" అన్నాను.

మార్చి 22

ఆపరేషన్ అయింది. బాగానే ఉన్నాడు.

డాక్టరమ్మ చిన్న గాజు గిన్నెలో చూపించింది. ఒకటి పొట్ట లోపల దొరికిందట, బటాణీ గింజ కన్నా చిన్నది. రెండోది తొడ మొదట్లో, చర్మం కిందే, కొవ్వులో దాక్కుంది. అది మొదటి దానిలా లేదు. బాగా ఉంది.

"ఇది దాదాపు బయటికి వచ్చేసినట్టే. ఇది పనిచేసిందో లేదో చెప్పలేను" అంది.

"సాధారణంగా?"

"సాధారణంగా చెయ్యదు" అని నవ్వింది. "వీడు సాధారణమైనవాడిలా ఉన్నాడా మీకు?"

కుట్టు మానేదాకా దుమ్ము లేని గదిలో ఉంచాలట. ప్రెస్సంతా దుమ్మే. బాబాయి ఇంట్లో కుక్క ఉంది. అక్క ఇంట్లో చిలుకలున్నాయి. నేను తీసుకెళ్తానన్నాను.

పిన్ని తలుపు తీసి, బుట్ట చూసింది, నన్ను చూసింది. "నువ్వా? పిల్లినా?" అంది. తర్వాత వెళ్ళి నా దిండు గలేబు మార్చింది, కిటికీలు తెరిచింది.

మార్చి 25

గుమస్తా మెడకు అట్ట గరాటా ఉంది. కుట్టు నాక్కోకుండా. బాబాయే చేసి పంపాడు, గుడ్డ బైండు వేసిన పాత కాలికో అట్టతో, లోపల మెత్తటి గుడ్డ అంటించి. వెన్ను మీద బంగారు అక్షరాలు అచ్చు వేశాడు: గుమస్తా, సంపుటం ఒకటి.

రుమాళ్ళు ఆరు ఉతికాను.

మార్చి 30

ఓనరు గారు ఫోన్ చేసి, "ఎలా ఉన్నాడు?" అన్నారు. "బాగున్నాడండీ" అన్నాను. "నువ్వు?" అన్నారు. "బాగున్నానండీ." "గొంతు ఇంకా అలాగే ఉందే. ఊరుకోమ్మా, ఇంక ఏడవాల్సిందేముంది?" అన్నారు.

ఏప్రిల్ 17

గోడౌన్లో కంపు లేదు. కొత్త లోడు వచ్చి రెండు వారాలైంది. ఓనరు గారు రోజూ రెండు పూటలా వెళ్ళి రీముల్ని వాసన చూస్తున్నారు. నిన్న అచ్చుపని ఇచ్చే పార్టీ ఎవరో వచ్చి ఆయన్ని ఆ భంగిమలో చూసి, కాగితం నాణ్యత అలా పరీక్షిస్తారేమోనని తనూ వంగి వాసన చూశాడట.

బుగ్గలు కొంచెం తగ్గాయి. ప్రూఫుల మీద కూర్చోవడం తగ్గలేదు.

ఏప్రిల్ 21

ముత్యం కడుపుతో ఉంది.

ఆంటీ స్వయంగా వచ్చి అందరికీ బిస్కెట్లు పంచింది. "నాలుగోసారికి ఫలించింది! నవాబు అంటే నవాబే!" గుమస్తాకు కూడా ఒకటి విరిచి పెట్టింది. వాడు తిన్నాడు. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నవాబుదే అయి ఉంటుంది. వారం రోజులున్నాడు కదా.

మే 13

నాలుగు పిల్లలు. చూడ్డానికి రమ్మని బాబాయిని పిలిచింది ఆంటీ. వెళ్ళి వచ్చి, బల్ల ముందు కూర్చున్నాడు. నేనూ అక్కా పని ఆపాం.

"ముద్దొస్తున్నాయి" అన్నాడు.

"రంగు?"

"రెండు తెలుపు. రెండు చారలు."

గుమస్తా చారల పిల్లి. "తాతలవీ వస్తాయి కదా, రంగులు" అంది అక్క.

బాబాయి చూపుడు వేలు పైకెత్తి, కొస కొక్కెంలా వంచాడు. వేలు అలాగే కాసేపు ఉంచాడు.

"ఎన్ని పిల్లలకు?" అన్నాను.

"మూడింటికి."

అక్క ఫారాల కట్టలో ముఖం పెట్టుకుని నవ్వింది, కాగితాలన్నీ వణికేలా. నాకూ నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. ఆంటీ ఆ మధ్య ఎవరితోనో అన్న మాట గుర్తొచ్చింది: నా ముత్యం జోలికి ఊరపోతు ఏదైనా వస్తే దాన్ని ఊరు దాటించి వదిలిపెట్టి వస్తాను. ఆవిడ అన్న పని చేస్తుంది. షెడ్డు ఆవిడది. ఓనరు గారు అడ్డుపడరు, పడలేరు.

మే 14

"పుట్టేటప్పుడు తోకలు నలిగాయి. నూనె రాస్తున్నా, సర్దుకుంటాయి" అంటోంది ఆంటీ.

మే 20

ఆంటీ ఇంకా నూనె రాస్తోంది.

కళ్ళద్దాలాయన షాపులో నవాబు ఫొటోకు అద్దం కట్టించాడు.

జూన్ 1

బొచ్చు పెరగడం లేదు. బాబాయి చెప్పాడు. పెద్దవవుతున్న కొద్దీ పిల్లలు గుండ్రంగా, నున్నగా ఉంటున్నాయట. తల్లి పక్కన పడుకుంటే దుప్పటి అంచున నాలుగు జేబురుమాళ్ళు పెట్టినట్టుందట.

ఈ రోజు నుంచి గుమస్తాను ముందు గదిలోకి రానివ్వడం లేదు. వాడి తోక ఆంటీ కంట పడకూడదు. ఇన్నాళ్ళూ వాడికి పాలు పోసింది ఆవిడే కదా అని అక్క అంది. నిజమే. మనం రోజూ చూసేదాన్ని సరిగ్గా చూడం. ప్రూఫుల్లో కూడా తప్పు ఎప్పుడూ శీర్షికలోనే మిగిలిపోతుంది.

నాకు వాడంటే ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. అన్యాయం జరగకూడదని, అంతే.

జూన్ 12

జరిగిపోయింది. వరుసగా రాస్తాను.

పదకొండు దాటాక ఆంటీ రోడ్డు దాటింది. చేతిలో బుట్ట. ఓనరు గారు గుండీ పెట్టుకునేలోపే లోపలికి వచ్చేసింది. బుట్ట నా బల్ల మీద, సరిగ్గా ప్రూఫుల మీద, దించింది. నాలుగు పిల్లలు. ఒకటి పాక్కుంటూ నా మెడ మీదికి ఎక్కింది. ఇంకోటి చెయ్యి నాకింది.

"ఏడీ మీ సన్యాసి?" అంది ఆంటీ.

గుమస్తాయే వచ్చాడు, అట్టల వెనక నుంచి, తోక జెండాలా ఎత్తి. కొస కొక్కెం. బుట్టలోంచి మూడు చిన్న కొక్కేలు లేచాయి.

"ఓహో! ఏమీ లేనివాడని చెప్పి నా ఇంట్లోకి పంపారే! నేను నలుగురికి మాటిచ్చాను, నవాబు పిల్లల్ని ఇస్తానని. ఇప్పుడు ఈ ఎలకపిల్లల్ని ఎవరి ముఖాన పెట్టను? అబద్ధాలకోరులు! రేపే వీడు ఊరు దాటాలి. లేదంటే మీ మిషన్లు దాటాలి."

"అమ్మా, తప్పు నాది. తడిమి చూసి చెప్పాను..." అని బాబాయి లేవబోయాడు. అంతమంది ముందు ఆయన తప్పు ఒప్పుకోవడం నేను చూడలేకపోయాను.

నేను లేచి నిలబడ్డాను. మెడ మీద పిల్లి ఉంది. అప్పటికే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ముక్కు ఎర్రబడింది, రుమాలు రెండూ అయిపోయాయి. అయినా మాట్లాడాను.

"ఎవరూ అబద్ధం చెప్పలేదండీ. వాడి వృషణాలు పుట్టుక నుంచీ లోపలే ఉండిపోయాయి. బయటికి కనపడవు. చేతికి తగలవు. ముళ్ళు చూస్తే తప్ప డాక్టర్లకే తెలీదు. లోపల వేడికి వీర్యకణాలు తయారవ్వవు. కానీ ఒకటి తొడ దగ్గర, చర్మం కింద ఉంది. అది పనిచేసింది. సాధారణంగా చెయ్యదు. దానికి వాడేం చేస్తాడు?"

కట్టింగు మెషీను ఆయన మెషీను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో "వీర్యకణాలు" అన్న మాట ఇంకా గదిలో తిరుగుతున్నట్టే ఉంది. ఇక్కడ నేను పని చేస్తున్న ఇన్నాళ్ళలో మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. ఆగలేకపోయాను.

"నాలుగుసార్లు వచ్చిన నవాబు వల్ల ఏమీ కాలేదు. అప్పుడు ముత్యాన్ని చూపించుకోమన్నారు. నవాబును ఎవరూ చూపించలేదు. ఒకసారి చూపించండి. తర్వాత వీడిని ఏం చెయ్యాలో మీ ఇష్టం."

తుమ్మొచ్చింది. నాలుగు తుమ్ములు.

ఆంటీ నా ముఖం వైపే చూస్తోంది. "అయ్యో... పిచ్చిపిల్లా, పిల్లి కోసం ఇంతగా ఏడుస్తారటే? వెక్కిళ్ళు కూడా వస్తున్నాయి చూడు. ఎవరైనా మంచినీళ్ళివ్వండి!" అని తన పైట చెంగుతో నా కళ్ళు తుడిచింది. ఆ చెంగుకు కూడా బొచ్చే ఉంది.

"ఆదివారం చూపిస్తా ఆ నవాబును. అప్పటిదాకా వీడి జోలికి రాను" అంది.

ఆవిడ వెళ్ళాక అక్క అంది: "ఇన్నాళ్ళూ నీకు నోరు లేదనుకున్నాం తల్లీ. నీదీ లోపలే ఉండిపోయిందన్నమాట."

జూన్ 15

కళ్ళద్దాలాయన నవాబును బుట్టలో పట్టు గుడ్డ వేసి తెచ్చాడు. "వంశం..." అని మొదలుపెట్టాడు. కౌంటరు పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "ఈసారి చీటీ లేదా?" అన్నాడు. లేదన్నాను. నోటితో చెప్పాను, నాలుగుసార్లు జతకు పెట్టినా పిల్లలు పుట్టలేదు, మగవాడిని పరీక్షించాలి అని. గట్టిగానే చెప్పాను.

డాక్టరమ్మ ఎక్కువసేపు తీసుకోలేదు.

"ఉంగరం పెట్టుకున్నాడు" అంది.

అందరం ముందుకు వంగాం. పొడుగు బొచ్చు పోతులకు ఇలా అవుతుందట. నాక్కునేటప్పుడు, జత కట్టబోయినప్పుడు ఊడిన వెంట్రుకలు ఆ ముళ్ళకు చిక్కుకుని, పేరుకుని, అంగం మొదట్లో ఉంగరంలా బిగుసుకుంటాయట. ఇంక జత కట్టలేడు. ఉత్సాహం ఉంటుంది, పని జరగదు. ఆవిడ కాస్త జెల్లీ రాసి, రెండు వేళ్ళతో నెమ్మదిగా ముందుకు జార్చి, ఆ ఉంగరాన్ని తీసి దూది మీద పెట్టింది. తెల్లగా, చిన్నగా, చాలా పద్ధతిగా అల్లినట్టు ఉంది. నవాబు హాయిగా మూలిగాడు.

"అంతేనా?" అన్నాడు కళ్ళద్దాలాయన, గొంతు తగ్గించి.

"అంతే. వాడిలో లోపం లేదు. బొచ్చులో ఉంది. అప్పుడప్పుడు చూసుకోండి."

ఆంటీ పిల్లల బుట్ట కూడా తెచ్చింది. డాక్టరమ్మ ఒకదాన్ని ఎత్తి బొచ్చు ఊదింది. "తల్లిదండ్రులు ఇద్దరికీ పొడుగు బొచ్చే అయితే పొట్టి బొచ్చు పిల్లలు పుట్టవు. ఇవి నాలుగూ పొట్టివే. మొత్తం సంసారం మీ గుమస్తాదే."

ఆంటీ దూది మీది ఉంగరాన్ని చూసింది. కళ్ళద్దాలాయన్ని చూసింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాత ఆవిడ బెంచీ మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

"నాలుగుసార్లు! నాలుగుసార్లు మా ఇంట్లో ఉంగరం పెట్టుకుని కూర్చుని, కోడి మాంసం తిని పోయాడు! మా ముత్యాన్ని చూపించుకోమన్నావు కదయ్యా! ఇదుగో, చూసుకో, ఫొటో పక్కన దీనికి కూడా అద్దం కట్టించుకో!"

చిలుక ఈ రోజు లేదు. ఉంటే బాగుండేది.

జూన్ 16

గుమస్తా ఉంటాడు. ఆంటీ ఓనరు గారికి స్వయంగా చెప్పింది. "నా అల్లుడయ్యా వాడు. బోను గీను అన్నారంటే ఊరుకోను." పాలు మళ్ళీ మొదలయ్యాయి. ఓనరు గారు గుండీ విప్పుకున్నారు.

మాటిచ్చిన నలుగురిలో ముగ్గురు, తోక ఎలా ఉన్నా ముద్దొస్తున్నాయని పిల్లల్ని తీసుకుంటామన్నారట. డాక్టరమ్మ మిగతా నాలుగో ఆవిడ కోసం నవాబును మళ్ళీ పిలవమందట, ఈసారి ఉంగరం లేకుండా. ముత్యానికి కొన్నాళ్ళు విశ్రాంతి అని ఆంటీ అంది.

బాబాయి ఈ రోజు ఒక పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి ఫారాలు లెక్కపెట్టాడు. నేను చూడనట్టు ప్రూఫుల్లో తల పెట్టుకున్నాను. లెక్క సరిపోయింది. ఆయన ముఖం వెలిగింది.

జూన్ 29

నాలుగోది నాకిచ్చింది ఆంటీ. చారలది, అందరిలోకీ కొక్కెం ఎక్కువ వంగినది. "అంతగా ఏడ్చావు కదే, నీకు కాక ఎవరికిస్తాను? నీ ఏడుపు చూసే కరిగిపోయా ఆ రోజు" అంది. ఓనరు గారు కూడా అదే మాట అన్నారు. బాబాయి కూడా. ప్రెస్సులో ఇప్పుడు నాకు చాలా మెత్తటి మనసున్నదని పేరు.

పిన్ని తలుపు తీసింది. బుట్ట చూసింది. మంచం పక్కన అప్పటికే పాత దుప్పటి మడిచి పెట్టి ఉంది.

ఇప్పుడు అది నా దిండు మీద, చెవి పక్కన పడుకుని ఉంది. గురక పెడుతోంది. దానికి పేరు పెట్టాలి. సంపుటం రెండు అంటే పెద్దదవుతుంది.

రుమాళ్ళు తీగ మీద ఆరుతున్నాయి. తెల్ల మాత్రలు కొత్త డబ్బా తెచ్చుకున్నాను, ఆంటీ షాపులో కాదు, అవతలి వీధిలో.

ఆ రోజు నేను ఏడవలేదు. నాకు చిన్నప్పటి నుంచి పిల్లి బొచ్చు పడదు.